గ్రీన్‌కార్డు వరుస: పదేళ్లు దాటినా తేదీ ఎందుకు రాదు?

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర ఏటా మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగలో ఎవరి కోరికకు తగిన రొట్టెను వారు అడిగి పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టెల సరసన విదేశీ రొట్టె కూడా ఉంది. కోరిక తీరినవారు మరుసటి ఏడు రొట్టెతో వచ్చి, అదే కోరికతో నీళ్లలో నిలబడిన ఇంకొకరి చేతిలో పెడతారు. చదువుకు వీసా కోరుకున్న ఇంటికి ఏడాదిలో జవాబు వస్తుంది. గ్రీన్‌కార్డు, అంటే అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి, కోరుకున్న ఇంటికి ఆ ఏడాది లెక్క సరిపోదు. కావలిలో అయినా, కందుకూరులో అయినా, ఒంగోలులో అయినా ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: “మావాడు అమెరికా వెళ్లి పదిహేనేళ్లయింది. వాడి తర్వాత వెళ్లిన వేరే దేశపు కుర్రవాడికి కార్డు వచ్చిందట. మావాడు ఎక్కడైనా పొరపాటు చేశాడా?”

చాలా సందర్భాల్లో పొరపాటేమీ లేదు. దరఖాస్తు మంజూరై ఏళ్లు గడిచి ఉంటుంది. ఆగింది అర్హత దగ్గర కాదు, అంకె దగ్గర. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు కదలదో విడమరచి చూద్దాం.

ఒకే మాట కింద రెండు నిరీక్షణలు

“గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉంది” అనే ఒక్క మాట వెనుక రెండు వేరువేరు సంగతులు ఉన్నాయి. మొదటిది, కార్యాలయంలో కాగితాన్ని పరిశీలించడానికి పట్టే సమయం. ఇది నెలల్లో ఉంటుంది. సిబ్బంది పెరిగితే తగ్గుతుంది, దరఖాస్తులు పోటెత్తితే పెరుగుతుంది. రెండోది, ఏటా ఇచ్చే కార్డుల సంఖ్యకు చట్టం పెట్టిన హద్దు వల్ల వరుసలో నిలబడే సమయం. దీన్ని ఏ అధికారీ తగ్గించలేడు. ఎంత మంచి వకీలును పెట్టుకున్నా తగ్గదు. మన పిల్లల ఏళ్లన్నీ కరిగిపోతున్నది ఈ రెండోదానిలోనే.

ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుకు సాధారణంగా మూడు మెట్లు ఉంటాయి. మొదటిది పర్మ్. ఈ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కంపెనీ అక్కడి కార్మిక శాఖకు ప్రకటనలతో, జీతం లెక్కలతో చూపాలి. రెండోది ఐ-140. కంపెనీ ఆ ఉద్యోగి పేరుమీద వేసే వలస పిటిషన్ అది. అదనపు ఫీజు కడితే 15 పనిదినాల్లో తేలిపోతుంది. మూడోది ఐ-485. ఉద్యోగి, అతని భార్య, పిల్లలు తమ హోదాను శాశ్వత నివాసంగా మార్చమని వేసుకునే దరఖాస్తు. చిక్కంతా రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఉంది. మూడో మెట్టు ఎక్కాలంటే ‘ప్రయారిటీ డేట్’ రావాలి. సాధారణంగా పర్మ్ దాఖలైన రోజే ఆ ప్రయారిటీ డేట్. వరుసలో మనం నిలబడిన రోజు అని దాని అర్థం.

ఏడు శాతం, పుట్టిన గడ్డ

ఇప్పటి అంకెలు 1990లో చేసిన వలస చట్టంలోవి. ఉద్యోగాల ద్వారా ఏటా 1,40,000 కార్డులు. ఇందులో భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్కే. అంటే నలుగురున్న ఒక్క కుటుంబం నాలుగు అంకెలు తీసుకుంటుంది. ఈ మొత్తాన్ని అయిదు వర్గాలుగా పంచారు. అసాధారణ ప్రతిభావంతులు, బహుళజాతి కంపెనీల మేనేజర్ల వంటివారిది ఈబీ-1 (ఉద్యోగ ఆధారిత వర్గాలకు పొట్టిపేరు ఈబీ). ఎంఎస్ స్థాయి చదువు కావలసిన ఉద్యోగాలవి ఈబీ-2. డిగ్రీ, నైపుణ్యం కావలసినవి ఈబీ-3. ఈ మూడింటికీ తలా 28.6 శాతం, అంటే సుమారు 40,000.

దీనిమీద ఇంకో కట్టు ఉంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదు. దేశం పెద్దదా చిన్నదా, దరఖాస్తులు వందా లక్షా అన్నది చూడరు. భారతదేశానికీ 7 శాతమే, ఐస్‌లాండ్‌కూ 7 శాతమే.

సోమశిల ప్రాజెక్టు కాలువ నీళ్లు ఎరిగినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక కాలువ మీద చాలా తూములు ఉన్నాయనుకోండి. ఒక్కో తూము కింద ఎంత భూమి ఉందో చూడకుండా, అన్నిటికీ ఒకే కొలత తెరుస్తామన్నారు. పది ఎకరాల తూము కింద మడి నిండి పొర్లుతుంది. వెయ్యి ఎకరాల తూము కింద చివరి భూములకు తడి తగలదు. చివరి మడి రైతు విత్తనం తప్పు కాదు, దుక్కి తప్పు కాదు.

లెక్క వేసి చూద్దాం. ఈబీ-2లో 40,000లో 7 శాతం అంటే ఏడాదికి 2,800. కుటుంబానికి సగటున ఇద్దరు చొప్పున అనుకుంటే 1,400 కుటుంబాలు. మీ ముందు 28,000 మంది ఉంటే మీ వంతు పదేళ్లకు వస్తుంది. 2,80,000 మంది ఉంటే వందేళ్లకు. 2023లో కేటో ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ, కొత్తగా వరుసలో చేరే భారతీయుడికి 134 ఏళ్లు పట్టవచ్చని చెప్పింది ఇలాంటి లెక్కతోనే. ఆ అంకెను జోస్యంగా చదవకూడదు. అన్నేళ్లు ఎవరూ నిలబడరు. కొందరు తిరిగి వచ్చేస్తారు, కొందరు కెనడా వెళ్తారు, కొందరు అమెరికా పౌరులను పెళ్లాడి వేరే దారిలో పోతారు, కొందరు చనిపోతారు. వచ్చే నీటికీ సాగు చేయాల్సిన భూమికీ పొంతన లేదని మాత్రమే ఆ అంకె చెబుతోంది.

మిగులు నీళ్లు

ఏడు శాతమే ఇచ్చి ఊరుకుంటే వరుస ఇప్పటికన్నా ఘోరంగా ఉండేది. ఒక వర్గంలో మిగతా దేశాలవారు వాడుకోని అంకెలను, దేశం చూడకుండా, అందరికన్నా పాత తేదీ ఉన్నవారికి ఇవ్వవచ్చునని 2000 నాటి చట్టం ఒకటి చెబుతోంది. పాత తేదీలు ఎక్కువగా మనవాళ్లవే కాబట్టి ఆ మిగులు మనవైపు పారుతుంది. ఈబీ-1లో మిగిలితే ఈబీ-2కు, అక్కడా మిగిలితే ఈబీ-3కి దిగుతుంది. బంధుత్వం చూసి కార్డులిచ్చే కుటుంబ వర్గాల్లో ఒక ఏడు మిగిలినవి మరుసటి ఏడు ఉద్యోగ వర్గాలకు వస్తాయి.

కరోనా కాలంలో జరిగింది ఇదే. కాన్సులేట్లు మూతపడి కుటుంబ వీసాలు ఆగిపోవడంతో 2021 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగ కార్డుల సంఖ్య సుమారు 2,62,000కు, 2022లో సుమారు 2,81,000కు పెరిగింది. పదేళ్లుగా కదలని తేదీలు ఒక్కసారిగా పరుగెత్తాయి. కానీ అమెరికా ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆ రాత్రికి వాడనివి చాలావరకు పోయినట్టే. 2021లో కాగితాలు పరిశీలించే వేగం చాలక 66,000కు పైగా ఉద్యోగ కార్డులు అలా వృథా అయ్యాయి. తోటలు ఎండుతుంటే పెన్నలో నీళ్లు సముద్రంలో కలవడం చూసిన ప్రాంతం మనది. ఆ అంకె చదివినప్పుడు నాకు కలిగిన బాధ అలాంటిదే.

బులెటిన్ చదవడం, తేదీ వెనక్కి పోవడం

అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ విడుదల చేస్తుంది. అందులో వర్గానికీ దేశానికీ ఒక తేదీ ఉంటుంది. మన ప్రయారిటీ డేట్ ఆ తేదీకి ముందుదైతే ‘కరెంట్’ అయినట్టు. పట్టికలు రెండు. కార్డు చేతికి ఇవ్వడానికి పనికొచ్చేది ఒకటి. దరఖాస్తు దాఖలు చేసుకోవడానికి పనికొచ్చే, కాస్త ముందున్న తేదీలది ఇంకొకటి. ఈ రెండో పట్టిక 2015 అక్టోబరు నుంచి ఉంది. ఏ నెల ఏ పట్టిక వాడాలో వలస సేవల సంస్థ చెబుతుంది. “డేట్ వచ్చింది” అని పిల్లలు ఫోనులో చెప్పినప్పుడు ఇంట్లోవాళ్లు కార్డు వచ్చిందనుకుని స్వీట్లు పంచేది ఈ తేడా తెలియకే. దాఖలు తేదీ వస్తే సగం దారి వచ్చినట్టే.

వచ్చిన తేదీ వెనక్కీ పోతుంది. దీన్ని రెట్రోగ్రెషన్ అంటారు. ఇంటివాళ్లకు అసలు మింగుడుపడనిది ఇదే. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒకరిది సింగరాయకొండ, ఇంకొకరిది ఆత్మకూరు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి, ఒకే కంపెనీలో చేరారు. ఇద్దరిదీ ఈబీ-2, ఇద్దరి ప్రయారిటీ డేట్ 2013 మార్చి 14. 2022లో తేదీలు పరుగెత్తినప్పుడు ఇద్దరూ ఐ-485 వేశారు. ఆగస్టులో సింగరాయకొండ అబ్బాయికి కార్డు వచ్చింది. ఆత్మకూరు అబ్బాయిని వైద్య పరీక్ష కాగితం మళ్లీ పంపమన్నారు. పంపేలోపు సెప్టెంబరు వచ్చింది. ఆ నెల మొదటి వారంలోనే ఆ ఏటి ఈబీ-2 అంకెలు అయిపోయాయి. సెప్టెంబరు బులెటిన్‌లో భారత్ ఈబీ-2 తేదీ 2014 డిసెంబరు 1. అక్టోబరు బులెటిన్‌లో అది 2012 ఏప్రిల్ 1. డిసెంబరుకు ఇంకా వెనక్కి, 2011 అక్టోబరు 8. తిరిగి ఆ తేదీ 2013 ఏప్రిల్ 1 దాకా రావడానికి 2025 అక్టోబరు అయింది. ఒకే రోజు వరుసలో నిలబడిన ఇద్దరి మధ్య మూడేళ్ల దూరం పెట్టింది ఒక్క కాగితం.

ఇంతకన్నా పెద్ద కుదుపు 2007లో వచ్చింది. ఆ జూలై బులెటిన్‌లో దాదాపు ఉద్యోగ వర్గాలన్నీ కరెంట్ అని ప్రకటించారు. జనం సెలవులు పెట్టి, వైద్య పరీక్షలకు పరుగెత్తి, దరఖాస్తులు సిద్ధం చేసుకున్నారు. జూలై 2న, అంకెలు అయిపోయాయి, తీసుకోము అన్నారు. అప్పుడు భారతీయులు గాంధీ మార్గం పట్టి, వలస సేవల సంస్థ డైరెక్టరు కార్యాలయానికి వందలాది పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడిన సైనికులున్న ఆసుపత్రికి పంపించారు. జూలై 17న సంస్థ మాట మార్చుకుని, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు తీసుకుంది.

పుట్టిన చోటే లెక్క

ఈ వరుసలో పౌరసత్వం చూడరు, పుట్టిన దేశం చూస్తారు. ఒంగోలులో పుట్టి కెనడా పౌరుడైన వ్యక్తి కూడా భారత వరుసలోనే నిలబడాలి. దీనికి ఒక వెసులుబాటు ఉంది. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు లెక్కలో ఇద్దరూ చేరవచ్చు. కువైట్‌కు పనికి వెళ్లిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో. అక్కడ పుట్టి, నెల్లూరులో చదువుకున్న అమ్మాయిని పెళ్లాడిన అబ్బాయి, ఆమె భారత పౌరురాలే అయినా, కువైట్ లెక్కలోకి వెళ్లగలడు. పదేళ్ల వరుస అతనికి దాదాపు లేనట్టే. పిల్లలు పుట్టిన దేశాన్ని మాత్రం తల్లిదండ్రులు ఇలా వాడుకోలేరు.

ఇద్దరి చదువూ, ఉద్యోగమూ, జీతమూ ఒకటే అయినా, ఒకరి భార్య ఏ ఆసుపత్రిలో పుట్టిందన్నదానిమీద పదేళ్లు ఆధారపడతాయి. ఏ పక్షం వాదించినా ఈ చట్టంలో మనసుకు కష్టం కలిగించే చోటు ఇది.

వరుసలో ఉన్నవారి రోజులు

వరుసలో ఉన్నవారిలో చాలామంది అక్కడ పనిచేసేది హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద. దానికి గరిష్ఠ గడువు ఆరేళ్లు. ఐ-140 మంజూరై, తేదీ రానివారికి మూడేసి ఏళ్ల చొప్పున పొడిగించే వీలును 2000 నాటి చట్టం ఇచ్చింది. అది లేకపోతే మనవాళ్లలో చాలామంది ఎప్పుడో తిరిగి వచ్చేసి ఉండేవారు. కంపెనీ మారవచ్చు. ఐ-140 మంజూరై 180 రోజులు దాటితే పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ పోదు. కానీ కొత్త కంపెనీ పర్మ్ మళ్లీ మొదటినుంచి చేయాలి. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులు గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే హోదాకు మారాలి, లేదా దేశం విడిచి రావాలి. ఇల్లు, అప్పు, బడి మధ్యలో ఉన్న పిల్లలు, అన్నీ ఆ 60 రోజుల్లోనే సర్దుకోవాలి.

ఊరికి రావడం సంగతి వేరే చెప్పాలి. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరి ఉంటే, వచ్చినవారు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ముద్ర వేయించుకుంటేగాని తిరిగి వెళ్లలేరు. అపాయింట్‌మెంట్ దొరకదు, లేదా పరిశీలన అని పాస్‌పోర్టు ఆపుతారు. అక్కడ ఉద్యోగం ఊగిసలాడుతుంది. తండ్రి కర్మకాండలకు రాలేకపోయిన కొడుకును ఊరు తప్పుపడుతుంది. అతను రాలేనిది ఎందుకో ఆ ఊరికి చెప్పేవారుండరు. ఐ-485 దాఖలయ్యాక మాత్రం విడిగా ప్రయాణ అనుమతి, పని అనుమతి పత్రం పొందవచ్చు. అందుకే దాఖలు తేదీ వచ్చినా చాలు, గాలి పీల్చుకున్నట్టుంటుంది.

ఇరవై ఒకటో పుట్టినరోజు

తల్లిదండ్రుల దరఖాస్తులో పిల్లలు ఉండాలంటే పెళ్లికానివారై, 21 ఏళ్లలోపు ఉండాలి. మూడేళ్ల వయసులో నెల్లూరు నుంచి వెళ్లి, తెలుగు కన్నా ఇంగ్లిషే ముందు నేర్చిన అమ్మాయి, వరుస కదలకముందే 21 దాటితే ఆ దరఖాస్తు నుంచి జారిపోతుంది. ఆమె విదేశీ విద్యార్థిగా వీసా మార్చుకోవాలి, లేదా అమెరికా వదలాలి.

2002లో వచ్చిన పిల్లల హోదా రక్షణ చట్టం కొంత ఆదుకుంటుంది. తేదీ వచ్చిననాటి వయసులోంచి, ఐ-140 పరిశీలనలో ఉన్న కాలాన్ని తీసివేస్తారు. ఉదాహరణకు తేదీ వచ్చేసరికి అమ్మాయికి 21 ఏళ్ల 4 నెలలు. ఐ-140 ఆరు నెలలు పరిశీలనలో ఉంది. తీసివేస్తే 20 ఏళ్ల 10 నెలలు. ఆమె దరఖాస్తులో ఉంటుంది, కాకపోతే తేదీ వచ్చిన ఏడాదిలోపు తన వంతు దరఖాస్తుకు కదలాలి. అదే కుటుంబం అదనపు ఫీజు కట్టి ఐ-140ని 15 పనిదినాల్లో తేల్చుకుని ఉంటే తీసివేయడానికి మూడు వారాలే మిగులుతాయి. వయసు 21 దాటి, ఆమె బయటపడుతుంది. తొందరపడి కట్టిన డబ్బు పిల్లకే ఎదురుతిరిగిన కుటుంబాలు ఉన్నాయి. ఐ-140 వేసే రోజున ఆ పాప ఒకటో తరగతిలో ఉంటుంది. అప్పుడు ఈ లెక్క ఎవరికి తడుతుంది?

అన్న వేసిన పిటిషన్

కుటుంబం ద్వారా వచ్చే దారిలోనూ రెండు తీర్లు. అమెరికా పౌరుల భార్య లేదా భర్తకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు, తల్లిదండ్రులకు అంకెల హద్దు లేదు. అందుకే పౌరుడైన కొడుకు అమ్మానాన్నలకు వేసిన కాగితం తొందరగా తేలుతుంది. తోబుట్టువులకు వేసేది ఎఫ్-4. దానికి ప్రపంచమంతటికీ కలిపి ఏటా 65,000. భారత్ నుంచి 2006లో వేసినవి 2025లో వంతుకు వచ్చాయి. అన్న పిటిషన్ వేసిన రోజున ముప్పై అయిదేళ్లున్న చెల్లెలు, ముంబైలో ఇంటర్వ్యూకు వెళ్లేటప్పటికి మనవరాలిని ఎత్తుకుని ఉండవచ్చు.

ఏడు శాతం తీసేస్తే?

తీసేయాలనేవారి వాదన సూటిగా ఉంది. ఉద్యోగం నైపుణ్యం చూసి ఇస్తారు, కార్డు పుట్టిన ఊరు చూసి ఇవ్వడం ఏమి న్యాయం అంటారు. ఒకే యజమానికి ఏళ్లతరబడి కట్టుబడినవాడు జీతం గట్టిగా అడగలేడు, దానివల్ల అమెరికన్ ఉద్యోగికీ నష్టమే అన్నది వారి రెండో మాట. 2019 జూలైలో ఈ హద్దును తొలగించే బిల్లు ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ ఇంకో రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ ఒకటి కాలేదు. బిల్లు చట్టం కాలేదు. 2022 డిసెంబరులో ఇలాంటిదే ఇంకొకటి సభలో ఓటింగ్‌కు ముందే ఆగిపోయింది.

ఉంచాలనేవారి వాదనను కొట్టిపారేయలేం. మొత్తం సంఖ్య పెంచకుండా హద్దు మాత్రం తీస్తే, కొన్నేళ్లపాటు దాదాపు అన్ని కార్డులూ భారత్, చైనాలకే పోతాయి. ఫిలిప్పీన్స్ నర్సు, నైజీరియా వైద్యుడు, ఇరాన్ శాస్త్రవేత్త కొత్తగా వరుసలో పడతారు. నిరీక్షణ తగ్గదు, భుజం మారుతుంది. కాలువలో నీళ్లు పెంచకుండా తూముల కొలత మారిస్తే ఎవరో ఒకరి మడి ఎండుతుంది కదా.

మూడో పక్షం అంకెనే పెంచమంటుంది. భార్యాభర్తలనూ పిల్లలనూ లెక్కలోంచి తీసేస్తే 1,40,000 ఒక్కసారిగా రెట్టింపుకు దగ్గరవుతుంది. గడిచిన ఏళ్లలో వృథా అయినవి తిరిగి ఇచ్చినా కొంత ఊరట. నాకు సబబుగా తోచేది ఈ దారే. కానీ వలస పెంచడమంటే అక్కడి రాజకీయాల్లో ఎన్నికల మాట. విదేశీయులు ఎక్కువైతే స్థానికుల జీతాలు పడిపోతాయని నమ్మే ఓటర్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. 1990 తర్వాత ఆ అంకె మారలేదు.

మన ఊళ్లో ఉన్న కాగితం

ఇంత పెద్ద వరుసలో మన చేతిలో ఉన్న భాగం చాలా చిన్నది, కానీ ఆఖరి నెలలో అదే అడ్డుపడుతుంది. అది జనన ధ్రువపత్రం. ఎనభైలలో మన పల్లెల్లో చాలా కాన్పులు ఇంట్లోనే జరిగాయి, నమోదు చేయించినవారు తక్కువ. నమోదైనవాటిలో కూడా పిల్లవాడి పేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరు పెట్టకముందే రాయించారు కాబట్టి. తండ్రి పేరు అక్కడ పొట్టి అక్షరాలతో, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతో ఉంటుంది. కందుకూరులో పుట్టినవాడి పదో తరగతి సర్టిఫికెట్ మీద ప్రకాశం జిల్లా అని ఉంటే, 2022 పునర్విభజన తర్వాత కొన్నేళ్లపాటు తీసుకున్న కాగితం మీద నెల్లూరు జిల్లా అని ఉంటుంది.

రికార్డు దొరకనప్పుడు పుట్టుక నమోదు కాలేదని స్థానిక కార్యాలయం ఒక పత్రం ఇస్తుంది. దానికి తోడు, ఈ బిడ్డ ఫలానా రోజున ఫలానా చోట పుట్టినట్టు తమకు స్వయంగా తెలుసని తల్లిదండ్రులు ప్రమాణపత్రం రాస్తారు. పదమూడేళ్ల కిందట పర్మ్ వేసిన రోజున ఇద్దరూ ఉన్నారు. తేదీ వచ్చేసరికి వారు లేకపోతే, ఆ కాన్పు నాడు ఇంట్లో ఉన్న మేనత్తో పెద్దమ్మో నోటరీ దగ్గరికి వెళ్లి సంతకం పెడుతుంది.